సీలియాక్ వ్యాధి: అంతుపట్టని లక్షణాలు, అనుమానం, నిర్ధారణ

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కొందరి శరీరంలో రోగనిరోధక వ్యవస్థ దీన్ని శత్రువుగా ఎంచి దాడికి దిగుతుంది. ఆ దాడిలో వారి సొంత చిన్నపేగు లోపొరే దెబ్బతింటుంది. ఈ స్థితినే సీలియాక్ వ్యాధి అంటారు. దీన్ని అజీర్తితోనో ఎలర్జీతోనో కలిపి చూడకూడదు. టైప్ 1 మధుమేహం, రుమటాయిడ్ కీళ్లవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బుల కోవకు చెందినదిది. అయితే ఆ కోవలో దీనికో ప్రత్యేకత ఉంది. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే పదార్థం ఏమిటో మనకు కచ్చితంగా తెలుసు. దాన్ని తిండిలోంచి తీసేస్తే జబ్బు సద్దుమణుగుతుంది.

వివిధ దేశాల అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో 1.4 శాతం మందికి రక్తపరీక్షలో ఈ వ్యాధి సూచనలు కనిపిస్తాయి. పేగు ముక్క తీసి పరీక్షించి ఖాయం చేసుకున్నవారు 0.7 శాతం. వ్యాధి ఉన్నవారిలో చాలామందికి తమకు జబ్బు ఉన్న సంగతే తెలియదు. ఇంకోవైపు, కడుపు ఉబ్బరం తగ్గుతుందేమోనని తమంతట తాము గోధుమ మానేసి, తమకు ఈ వ్యాధే ఉందని నమ్మేవారూ తక్కువేం కాదు. ఈ ఇద్దరి సమస్యకూ పరిష్కారం ఒక్కటే: గోధుమ తింటూ ఉండగానే సరైన రక్తపరీక్ష చేయించుకోవడం. ఈ క్రమం తప్పితే ఆ తర్వాత సందేహం తీర్చుకోవడం చాలా కష్టమవుతుంది.

అనుమానం ఎక్కడ పుట్టాలి

పాత వైద్య గ్రంథాల్లో ఈ జబ్బుకు ఒక స్థిరమైన రూపం ఉండేది. పాలు మాన్పించి గోధుమ పెట్టడం మొదలైన కొన్ని నెలలకు బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. పొట్ట ముందుకు వస్తుంది, పిర్రలు వాడిపోతాయి, బిడ్డ చీటికీమాటికీ ఏడుస్తుంటాడు. మలం లేతరంగులో, జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. అలాంటి బిడ్డలు ఇప్పటికీ కనిపిస్తారు. కానీ ఈ రోజుల్లో వ్యాధి బయటపడే పెద్దవారిలో ఎందరికో విరేచనాలే ఉండవు. కొందరికి మలబద్ధకం ఉంటుంది. కొందరు బక్కచిక్కరు సరికదా, కాస్త లావుగానే ఉంటారు.

విడిగా చెప్పుకోవలసినది రక్తహీనత గురించి. తిండిలోని ఇనుము ప్రధానంగా ఇంకేది చిన్నపేగు తొలిభాగమైన ఆంత్రమూలంలో. ఈ వ్యాధి మొదటగా, గట్టిగా దెబ్బతీసేదీ అక్కడే. అందువల్ల ఒక్క విరేచనమైనా కాని మనిషికి కూడా రక్తం తగ్గిపోవచ్చు. ముప్పై దాటిన ఒక స్త్రీ హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర ఉందనుకుందాం. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమోనని ఐరన్ మాత్రలు రాస్తారు. మూడు నెలలు పోయాక చూస్తే ఎనిమిదిన్నర. నులిపురుగుల మందు వేస్తారు, మాత్రల కంపెనీ మారుస్తారు, ఆకుకూరలు తినమంటారు. మలం నల్లగా వస్తోంది కాబట్టి మందు వంటబడుతోందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చివరికి నరానికి ఇనుము ఎక్కిస్తే అంకె చకచకా పైకి లేస్తుంది. నోటితో ఇచ్చింది పనిచేయక, నరానికి ఇచ్చింది పనిచేసిందంటే పేగు గోడను ఒకసారి పరిశీలించాల్సిందే. తెలుగునాట స్త్రీలలో రక్తహీనత ఎంత మామూలైపోయిందంటే, మాత్రలకు లొంగని రక్తహీనత వేరే సంగతన్న స్పృహే చాలాచోట్ల ఉండదు. ఆ స్పృహ కలగాలి.

పిల్లల్లో కొన్నిసార్లు ఎత్తు ఒక్కటే ఆనవాలు. క్లాసులో అందరికంటే ముందు వరుసలో నిలబడే పిల్లవాడు, తోటివారంతా ఈడేరినా ఇంకా ఈడేరని ఆడపిల్ల, మిగతా విషయాల్లో ఆరోగ్యంగానే కనిపిస్తారు. పెద్దల్లో చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం, కారణం దొరకని సంతానలేమి, పదేపదే గర్భస్రావాలు, తగ్గుతూ మళ్లీ వచ్చే నోటిపూత, పళ్ల పింగాణీపై గుంటలు, గీతలు, మద్యం తాగనివారికీ కాలేయ ఎంజైములు పెరగడం, కాళ్లు చేతుల తిమ్మిర్లు, నడకలో తూలు వంటివి ఉంటాయి. అలసట దాదాపు అందరిలోనూ ఉంటుంది. కానీ అలసటకు సవాలక్ష కారణాలు కాబట్టి దాన్నిబట్టి ఒక నిర్ణయానికి రాలేం.

చర్మం మీద మాత్రం ఒక ఖాయమైన గుర్తు ఉంది. మోచేతులు, మోకాళ్లు, పిర్రల మీద రెండువైపులా సమానంగా, భరించలేని దురదతో చిన్నచిన్న నీటిపొక్కులు గుంపులుగా లేస్తాయి. ఫిలడెల్ఫియాకు చెందిన చర్మవైద్యుడు లూయీ డూరింగ్ 1884లో దీన్ని వర్ణించి డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అని పేరు పెట్టాడు. ఇది సీలియాక్ వ్యాధికి చర్మరూపమని చాలాకాలం తర్వాత గాని తేలలేదు. డాప్సోన్ మాత్రలతో దురద రోజుల్లోనే తగ్గిపోతుంది. కానీ ఆ మందు పేగును బాగుచేయదు. దానికి ఆహార నియమమే కావాలి.

లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోవలసినవారు కొందరున్నారు. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి ఈ వ్యాధి ఉంటుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో సుమారు ఆరు శాతం మందికి ఉంటుంది. ఇక్కడ టైప్ 1 అన్న మాటను గమనించాలి. మన ఇళ్లలో నడివయసులో వచ్చే షుగర్ చాలావరకు టైప్ 2. దానికీ దీనికీ అలాంటి సంబంధం లేదు. ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు, డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్నవారిలో కూడా ఇది మామూలు జనంలో కంటే ఎక్కువ.

పేగులో జరిగేది

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. టర్కీ తువ్వాలు మీద నూలుపోగుల్లా లక్షల కొద్దీ సన్నని చూషకాలు దాని నిండా లేచి ఉంటాయి. పోషకాలు ఇంకేది వీటిద్వారానే. గ్లూటెన్‌లో ప్రోలిన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. వాటివల్ల మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా కోయలేవు, కొన్ని పెద్ద ముక్కలు అలాగే మిగిలిపోతాయి. 33 అమైనో ఆమ్లాల పొడవున్న అలాంటి ఒక ముక్కను 2002లో గుర్తించారు. ఈ ముక్కలు అందరి పేగుల్లోనూ మిగులుతాయి. తేడా ఆ తర్వాత వస్తుంది.

పేగు గోడలో టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము ఉంది. గాయాలు మాన్పే పనిలో ఉండే ఈ ఎంజైము గ్లూటెన్ ముక్కల రసాయన రూపాన్ని కొద్దిగా మారుస్తుంది. మారిన ముక్కలు హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2, డీక్యూ8 అనే ప్రోటీన్లకు గట్టిగా అతుక్కుంటాయి. ఈ రెండిటిలో ఒకటైనా జన్యువుల ద్వారా సంక్రమించినవారిలోనే టీ-కణాలు వాటిని చూసి రెచ్చిపోతాయి. వాపు మొదలై చూషకాలు కురచబారి, చివరికి గోడ చదునైపోతుంది. అదే సమయంలో ఆ ఎంజైముకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై రక్తంలోకి వస్తాయి. రక్తపరీక్షలో వెతికేది వాటినే.

అయితే జన్యువు ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. చాలా దేశాల్లో మూడింట ఒకవంతు మందికి ఈ జన్యువులున్నాయి. వారిలో అతికొద్దిమందికే వ్యాధి వస్తుంది. జన్యువు లేకపోతే మాత్రం వ్యాధి లేదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

రొట్టె మీదికి నేరం వచ్చిన కథ

క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లోనే కపడోషియాకు చెందిన గ్రీకు వైద్యుడు అరెటియస్, తిన్నది అరక్కుండానే బయటకు వెళ్లిపోయి మనిషి శుష్కించే దీర్ఘకాలిక రోగాన్ని రాసిపెట్టాడు. కడుపుకు గ్రీకులో ఉన్న మాట నుంచే ఈ జబ్బు పేరు వచ్చింది. ఆధునిక వర్ణన 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ రాసిన వ్యాసంలో కనిపిస్తుంది. రోగి కోలుకోవడమంటూ జరిగితే అది తిండివల్లనే జరగాలని ఆయన సరిగ్గానే గ్రహించాడు. కానీ ఏ తిండి అన్నదే అంతుపట్టలేదు. అన్నం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. రెండువైపులా బాగా కాల్చిన పల్చని రొట్టె ముక్కలు పెట్టవచ్చన్నాడు. అంటే ఆ పిల్లలకు మేలు చేసేదాన్ని తీసేసి, కీడు చేసేదాన్ని ఉంచాడు. ఆయన చూసిన ఒక బిడ్డ రోజూ డచ్చి సముద్రపు ఆల్చిప్పల మాంసం తిని బాగా పుంజుకున్నాడు. వాటి కాలం అయిపోగానే మళ్లీ పడిపోయాడు.

1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. గుణం అరటిపండులో ఉందని అందరూ నమ్మారు. నిజానికి ఆ పథ్యంలో రొట్టె లేకపోవడమే అసలు మందు.

ఆ ముడి విప్పినవాడు నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. హేగ్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ 1930ల నుంచే ఆయన గోధుమను అనుమానిస్తున్నాడు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న పడమటి నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి జనం తులిప్ దుంపలు తినే స్థితి ఏర్పడింది. దేశమంతా బక్కచిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తెప్పరిల్లారు. రొట్టె మళ్లీ అందుబాటులోకి వచ్చాక వారి జబ్బు తిరగబెట్టింది. అప్పటికే ఉన్న అనుమానానికి ఇది బలం చేకూర్చింది. ఆ పిల్లలకు ఒక్కో ధాన్యాన్ని పెట్టి చూసి, మలంలో పోతున్న కొవ్వును కొలిచి, డికె 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు ఇంత ఓపికైన, సాదాసీదా కొలతలతో దొరకడం వైద్య చరిత్రలో నాకు అత్యంత గౌరవం కలిగించే ఘట్టాల్లో ఒకటి.

తర్వాతి మలుపులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1954లో ఇంగ్లండ్‌లో జాన్ పాలీ శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కల్లో చూషకాల క్షీణతను చూపాడు. 1950ల రెండో సగంలో మార్గో షైనర్, విలియం క్రాస్బీ వేర్వేరుగా నోటిద్వారా పేగు ముక్క తీసే సాధనాలను రూపొందించారు. 1992లో మైఖేల్ మార్ష్ దెబ్బతిన్న తీరును దశలుగా విభజించాడు. పేథాలజీ రిపోర్టుల్లో నేటికీ ఆయన పేరే కనిపిస్తుంది. 1997లో జర్మనీలో వాల్బుర్గా డీటరిష్, డెట్లెఫ్ షుప్పాన్ బృందం యాంటీబాడీలు గురిపెట్టేది టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్‌నే అని కనుక్కుంది. ఈనాటి సులువైన రక్తపరీక్ష దాని ఫలమే.

అన్నం తినేవారికి ఈ జబ్బు వస్తుందా

ఉత్తర భారత పిల్లల్లో ఈ వ్యాధిని 1960లలోనే గుర్తించినా, చాలాకాలం దీన్ని తెల్లవారి జబ్బుగానే చూశారు. 2011లో ఢిల్లీ పరిసరాల్లో జనం మధ్యకు వెళ్లి చేసిన అధ్యయనంలో 96 మందిలో ఒకరికి వ్యాధి ఉందని తేలాక ఆ భావన చెదిరింది.

తెలుగువారికి అంతకంటే ఆసక్తికరమైనది 2016లో వెలువడిన మరో అధ్యయనం. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23 వేలకు పైగా వయోజనులను పరీక్షించారు. దక్షిణాన ఎంచుకున్నది వెల్లూరు ప్రాంతం. యాంటీబాడీలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో కనిపిస్తే దక్షిణాన కనిపించింది 0.10 శాతం మందిలోనే. కానీ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ఉత్తరాన 38.1 శాతం, దక్షిణాన 36.4 శాతం మందికి ఉన్నాయి. జన్యువుల్లో పెద్ద తేడా లేదు. పళ్లెంలో మాత్రం ఉంది: ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాన తినేది 25 గ్రాములు. ఈశాన్యంలోనూ గోధుమ వాడకం తక్కువే, అక్కడ వ్యాధి మాత్రం అంత తక్కువగా లేదు. కాబట్టి గోధుమ ఒక్కటే మొత్తం కథ కాదు. అయినా దక్షిణానికి సంబంధించినంతవరకు ఈ అంకెలు చెప్పేది స్పష్టమే. వెల్లూరు చిత్తూరుకు ఆనుకునే ఉంది కాబట్టి, అన్నం ప్రధానంగా తినే తెలుగు పల్లెల్లోనూ పరిస్థితి దీనికి దగ్గరగానే ఉంటుందని ఊహించవచ్చు.

అయితే పళ్లెం మారుతోంది. షుగర్ వచ్చిందనో, వస్తుందనో భయపడి రాత్రిపూట అన్నం మానేసి చపాతీకి మారిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఉదయం ఉప్మా, సాయంత్రం బిస్కట్లు, పఫ్‌లు, రాత్రి పుల్కాలు అంటే మూడు పూటలా గోధుమే. ఢిల్లీలో, డాలస్‌లో స్థిరపడినవారి తిండి సంగతి చెప్పనక్కర్లేదు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జ, రాగి, కొర్ర తిన్న తరానికి గ్లూటెన్ దాదాపు తగల్లేదు. వారి మనవలకు రోజూ తగులుతోంది. మనది అన్నం దేశమనే ధీమాతో డాక్టర్లు ఈ పరీక్ష రాయకపోవడం ఇక సమంజసం కాదు.

ముందు పరీక్ష, తర్వాతే పథ్యం

గోధుమ మానేస్తే యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోతాయి, పేగు గోడా మానడం మొదలుపెడుతుంది. ఆ స్థితిలో పరీక్ష చేస్తే వ్యాధి ఉన్నవారికి కూడా లేదనే వస్తుంది. అప్పుడు నిజం తెలియాలంటే మళ్లీ గోధుమ మొదలుపెట్టాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒకటికంటే ఎక్కువ పూటలు గ్లూటెన్ ఉన్న తిండి తినాలి. మన లెక్కలో అది రోజుకు మూడు, నాలుగు చపాతీలు అనుకోవచ్చు. మానేసి కాస్త హాయిగా ఉన్న మనిషికి ఆ ఆరు వారాలు నరకం. మూడు పూటలా అన్నమే తిని, గోధుమ ఎప్పుడో ఒకసారి ముట్టేవారూ పరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మొదటి పరీక్ష రక్తంలో టీటీజీ-ఐజీఏ, అంటే టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్‌కు వ్యతిరేకంగా తయారైన ఐజీఏ రకం యాంటీబాడీలు. దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడాలి. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తయారుకాదు. సీలియాక్ రోగుల్లో ఇలాంటివారు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారిలో టీటీజీ-ఐజీఏ సున్నా వచ్చినా దానికి విలువ లేదు. ఐజీజీ రకం పరీక్షలు చేయాలి. ల్యాబ్‌లో డబ్బు మిగల్చడానికి మొత్తం ఐజీఏ పరీక్షను వదిలేస్తుంటారు, ఆ పని చేయకూడదు.

టీటీజీ పెరిగి ఉంటే తర్వాతి అడుగు ఎండోస్కోపీ. గొంతు మొద్దుబారే మందు కొట్టి, లేదా నిద్రమత్తు ఇచ్చి, నోటిలోంచి సన్నని గొట్టం దింపుతారు. ఆంత్రమూలం గోడ నుంచి బియ్యపుగింజకంటే చిన్న ముక్కలు తీస్తారు. దెబ్బ ఒకచోట ఉండి పక్కన లేకపోవచ్చు కాబట్టి కనీసం నాలుగు ముక్కలు రెండో భాగం నుంచి, ఒకటి రెండు మొదటి భాగం నుంచి తీయాలి. పది పదిహేను నిమిషాల పని, నొప్పి ఉండదు. పిల్లల విషయంలో ఒక మినహాయింపు ఉంది. టీటీజీ సాధారణ గరిష్ఠానికి పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఎండోమైసియల్ యాంటీబాడీ అనే మరో రకం కూడా ఉంటే బయాప్సీ (పేగు ముక్క పరీక్ష) లేకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల జీర్ణవైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో చెప్పింది.

జన్యుపరీక్ష వ్యాధి లేదని తేల్చడానికి మాత్రమే పనికొస్తుంది. ఇక ఆన్‌లైన్‌లో అమ్మే, వందలాది ఆహారపదార్థాలకు ఐజీజీ చూసి ‘మీకు ఇవి పడవు’ అని జాబితా ఇచ్చే పరీక్షలతో ఈ వ్యాధి తేలదు. వాటికి పెట్టే డబ్బుతో టీటీజీ, ఐజీఏ రెండూ చేయించుకోవచ్చు.

వ్యాధి ఇది కాకపోతే

దక్షిణ భారతంలో చూషకాలు దెబ్బతిన్నట్టు బయాప్సీలో కనబడగానే సీలియాక్ అనేయకూడదు. ట్రాపికల్ స్ప్రూ అనే మరో జబ్బు సూక్ష్మదర్శినిలో దాదాపు ఇలాగే కనిపిస్తుంది. 1960లలో దక్షిణాది పల్లెల్లో అది జాడ్యంలా వ్యాపించింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దానిపై చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధమైనది. టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లంతో నయమయ్యే ఆ జబ్బును జీవితాంతం పథ్యం కావలసిన ఈ జబ్బుగా పొరబడితే రోగి అనవసరంగా బతుకంతా గోధుమకు దూరమవుతాడు. టీటీజీతో ఇక్కడ తేడా తెలుస్తుంది. స్ప్రూలో సాధారణంగా అది పెరగదు. రక్తపోటుకు వాడే ఓల్మెసార్టాన్ మాత్రలూ అరుదుగా ఇలాగే పేగును దెబ్బతీస్తాయి. పేగు క్షయ, జియార్డియా, క్రోన్స్ వ్యాధి, క్లోమరసం చాలకపోవడం కూడా పరిశీలించాల్సినవే.

పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా గోధుమ తింటే బాధపడేవారు ఉన్నారు, వారి బాధ నిజమే. కొందరిలో దానికి కారణం గ్లూటెన్ కాదు, గోధుమలోనూ ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. మరికొందరికి పాలలోని లాక్టోస్ పడదు. దక్షిణాది పెద్దల్లో ఇది బాగా ఎక్కువ, పైగా చపాతీతోపాటు టీ, పాలు మానేసినప్పుడు తగ్గిందంటే పేరు గోధుమకే వస్తుంది. వీరికి చిన్న మొత్తాల్లో గోధుమ హాని చేయదు. అందుకే తమది ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం.

తెలుగు వంటింట్లో గ్లూటెన్

వ్యాధి ఖాయమైతే చికిత్స ఒక్కటే: గ్లూటెన్ లేని ఆహారం, జీవితాంతం. పాశ్చాత్యులకు ఇది బతుకు తలకిందులు చేసే మాట. తెలుగువారి పళ్లెంలో సగానికిపైగా ముందే క్షేమం. అన్నం, పప్పు, పులుసు, ఇడ్లీ, దోశ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు దేనిలోనూ గోధుమ లేదు. ఇడ్లీరవ్వ బియ్యపుదే. బొంబాయిరవ్వ మాత్రం గోధుమ. రెండూ తెల్లగా పక్కపక్క డబ్బాల్లో ఉంటాయి కాబట్టి ఇంట్లో అందరికీ ఈ తేడా తెలిసి ఉండాలి. రవ్వదోశ, సేమియా పాయసం, మైసూరు బజ్జీ, కాజా, జిలేబీ, బొబ్బట్టు పైపొర, హలీం, బిస్కట్లు, మాల్ట్ పొడులు, బార్లీ జావ తినకూడనివి. అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమరవ్వతో చేస్తారు. చర్చిలో ప్రభుభోజనపు రొట్టె సాధారణంగా గోధుమదే. కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వడం తప్పేమీ కాదని రోగికి పెద్దలే ధైర్యం చెప్పాలి.

కంటికి కనపడనివి ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి ఇంగువ. కూటు ఇంగువ డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ముడిపదార్థాలు చూస్తే చాలా వాటిలో గోధుమపిండి లేదా మైదా అని ఉంటుంది. రోజూ చారులో, పులిహోరలో, ఆవకాయలో పడేది అదే. బియ్యప్పిండితో చేసినది గానీ, ఏ పిండీ కలపని ఇంగువ గానీ వెతికి కొనుక్కోవాలి. రెండోది పిండిమర, తెలంగాణలో గిర్ని. ముందు వచ్చినవారి గోధుమలు ఆడించిన రాళ్ల మధ్యే మన జొన్నలూ పడతాయి. రాళ్ల సందుల్లో, గుడ్డ సంచిలో మిగిలిన గోధుమపిండి మొదటి రెండు మూడు కిలోల్లో కలిసి వస్తుంది. ఇంట్లో చిన్న మర పెట్టుకోవడం, కుదరకపోతే బియ్యం, జొన్నలకే విడిగా ఉంచిన మరకు వెళ్లడం మేలు. హోటళ్లలో చపాతీ కాల్చిన పెనం మీద దోశ, మైదా బజ్జీ వేయించిన నూనెలో మినపగారె కూడా ఇలాంటివే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకుంటే పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీలో జరిగిన పరీక్షలో తేలింది. ఒక చపాతీలో రెండు మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది, అంటే అందులో యాభయ్యో వంతు తునక చాలు. ‘గ్లూటెన్ రహితం’ అని లేబుల్ వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్న అంతర్జాతీయ నియమం భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల్లోనూ ఉంది. ఓట్స్ చాలామంది రోగులకు పడతాయి. కానీ మామూలు ప్యాకెట్లలో గోధుమ కలిసి ఉంటుంది, పైగా కొద్దిమందికి ఓట్స్ కూడా పడవు.

పథ్యం మొదలయ్యాక

విరేచనాలు, ఉబ్బరం చాలామందిలో వారాల్లోనే తగ్గుతాయి. పిల్లలు కొన్ని నెలల్లోనే ఎత్తు పెరగడం చూసి తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. టీటీజీ సాధారణ స్థాయికి రావడానికి ఏడాది, కొందరికి రెండేళ్లు పడుతుంది. పెద్దల్లో పేగు గోడ పూర్తిగా మానడానికి అంతకంటే ఎక్కువ కాలమే కావచ్చు. అంతవరకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12, విటమిన్ డీ స్థాయులు చూసి లోటు పూడ్చాలి, పెద్దల్లో ఎముకల సాంద్రత కొలవాలి. ప్లీహం పనితీరు మందగించే అవకాశం ఉంది కాబట్టి న్యుమోనియా టీకా గురించి డాక్టర్ని అడగాలి.

పథ్యం పాటిస్తున్నా తగ్గనివారిలో మొదటగా వెతకాల్సింది తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెన్‌నే. ఇంగువ, పిండిమర, మందు మాత్రల పూతల దాకా అన్నీ ఒకసారి కూర్చుని రాసుకుంటే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. దొరక్కపోతే లాక్టోస్, పేగులో బాక్టీరియా పెరుగుదల వంటివి చూస్తారు. నిజంగానే పథ్యానికి లొంగని రకం చాలా అరుదు. పేగు లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు ఆ రకంలోనే ఎక్కువ, మిగతావారిలో చాలా తక్కువ.

మందుల కోసం పరిశోధన సాగుతోంది. పేగు గోడ సందులను బిగించే లారాజొటైడ్ మూడో దశ ప్రయోగాలు 2022లో ఆగిపోయాయి. ట్రాన్స్‌గ్లుటమినేజ్‌ను అడ్డుకునే ఒక మాత్ర, రోజుకు 3 గ్రాముల గ్లూటెన్ తిన్న రోగుల పేగును ఆరు వారాల పాటు చాలావరకు కాపాడిందని 2021లో ప్రకటించారు. తెలియక మింగే తునకల నుంచి ఇలాంటి మందులు కాపాడవచ్చు గానీ పథ్యాన్ని పూర్తిగా తీసేస్తాయని ఇప్పటికైతే ఎవరూ అనడం లేదు. రోగి అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు మాత్రం ఎదురుచూడనవసరం లేదు. వారికి ఎలాంటి బాధ లేకపోయినా ఒకసారి టీటీజీ చేయించి, అది మామూలుగా వస్తే కొన్నేళ్లకు మళ్లీ చేయించాలి; జన్యువులు లేవని తేలినవారికి ఆ అవసరమూ ఉండదు.